టైం రాయని మలుపు

కరీంనగర్ నుంచి పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరేటట్టు ఏదన్నా మంచి దారి చెప్పమని ఎవరడిగినా నేను తడుముకోను. ఉట్నూరుకు పోండి, అక్కడినుంచి ఆసిఫాబాద్‌కు దిగండి అంటాను. ఆ రెండూళ్ల మధ్య డెబ్భై ఎనభై కిలోమీటర్లే. అందులోనే జైనూరు, మార్లవాయి, కెరమెరి ఘాట్ వస్తాయి. కాస్త పక్కకు మళ్లితే జోడేఘాట్. వానలు పడి గుట్టలు పచ్చబడ్డాక, టేకు చెట్ల నెత్తిన తెల్లటి పూత కనబడే రోజుల్లో ఆ దారిన పోయినవాళ్లకు ఊటీ, అరకు గుర్తుకు రావు. మన జిల్లాల్లో ఇంత మంచి దారి ఉందని మనవాళ్లకే సరిగ్గా తెలియదన్న బాధ నాకు ఎప్పటినుంచో ఉంది.

మొన్న భాద్రపదంలో ఇంటిల్లిపాదీ పోదామనుకున్నప్పుడు మా సడ్డకుడు ఒప్పుకోలేదు. ఆయన పట్టు నిర్మల్ దిక్కు. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా నిర్మల్ చేరి, పాత రోడ్డున మహబూబ్ ఘాట్ ఎక్కి, నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతం చూసి, పొచ్చెర మీదుగా ఆదిలాబాద్ పోదామంటాడు. కాదనలేం. కడెం వాగు నూటనలభై ఏడు అడుగుల పైనుంచి దూకే చోటు అది, వానకాలంలో చూడదగ్గదే. పైగా నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి, అడుగడుగునా హోటళ్లు. కానీ ఆదివారం కుంటాలకు పోతే నీళ్లకన్నా జనాన్నే ఎక్కువ చూడాలి. ఆ బండల మీద కాలుజారి పోయిన ప్రాణాలు ఎన్నో. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పుల అత్తమ్మ. అన్ని మెట్లు ఎవరు దిగుతారు, ఎవరు ఎక్కుతారు?

"మీ ఉట్నూరు తొవ్వల ఏమున్నది బావా, అడివి తప్ప?" అన్నాడు.

ఏమున్నదో చెప్పాను. ఏ నెలకు ఆ నెల సొగసు వేరని చెప్పాను. ఫాల్గుణంలో పోతే మోదుగుపూలు. ఎండలు ముదిరే వేళకు ఇప్పపూలు రాలుతుంటాయి, తెల్లారకముందే గంపలు పట్టుకుని ఆడవాళ్లు చెట్ల కిందికి వస్తారు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. దానికోసం మెస్రం వంశంవాళ్లు జన్నారం దగ్గర గోదావరిలో హస్తినమడుగు దాకా కాలినడకన వచ్చి, నీళ్లు ముంచుకుని, మళ్లీ కాలినడకనే పోతారు. దీపావళి రోజుల్లో దండారి. నెమలీకల టోపీలు పెట్టుకుని గుస్సాడీలు ఊరూరా ఆడతారు. ఆ ఆటను ఢిల్లీ దాకా తీసుకుపోయిన కనకరాజు మార్లవాయివాడే. 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశాడు.

జోడేఘాట్ సంగతి చెప్పేటప్పుడు పిల్లలు కూడా దగ్గరకు జరిగారు. పన్నెండు గూడేలకు భూమి మీద, అడవి మీద హక్కు కావాలని కుమ్రం భీం నిజాం సర్కారుతో తలపడి, 1940లో పోలీసుల తుపాకులకు బలైంది ఆ గుట్టల మీదే. ఈ జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని ఆ తర్వాత సర్కారు ఆస్ట్రియా దేశపు పండితుణ్ని పంపింది. ఆయనే హైమన్‌డార్ఫ్. వచ్చినాయన కాగితాలు రాసుకుని పోలేదు. మార్లవాయిలో గుడిసె వేసుకుని భార్యతో కాపురం పెట్టాడు. గోండు పిల్లలకు బడి పెట్టించాడు, పంతుళ్లను తయారు చేయించాడు, భూములకు పట్టాలు ఇప్పించడానికి పాటుపడ్డాడు.

మా ఆవిడ ఒక్కమాటతో తేల్చింది. "ఈసారి ఉట్నూరు. కుంటాల యాడికి పోతది?"

సడ్డకుడు మెత్తబడ్డాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఏ చోట ఎంతసేపు, ఎక్కడ నీడ, ఎక్కడ నీళ్లు, అత్తమ్మ కాసేపు నడుం వాల్చేందుకు ఎక్కడ జాగ దొరుకుతుంది, వాన పడితే ఏ వాగు దగ్గర ఇరుక్కుంటాం, అన్నీ ముందే తెలియాలన్నాడు. ఆయన అడిగిందాంట్లో తప్పేమీ లేదు. ఆ దారిలో కొన్ని చోట్ల ఫోన్ మూగబోతుంది. మ్యాప్ చూసి గంటన్నర అనుకున్నది వానపడితే ఎంతవుతుందో ఎవరూ చెప్పలేరు.

చెప్పగలిగినవాడు ఒక్కడున్నాడు. మేం ఉట్నూరు సారు అంటాం. కెరమెరి ఘాట్ కింద ఒక గూడెం ఆయనది. గోండు. ట్రైనింగ్ చేసే రోజుల్లో కరీంనగర్‌లో మా ఇంట్లోనే కిరాయికుండేవాడు. ఇప్పుడు ఉట్నూరు దిక్కు సర్కారు బడిలో పంతులు. పండుగకు ఫోన్ చేస్తాడు, జాతరకు రమ్మంటాడు. ఫోన్ చేసి మా సడ్డకుడు అడిగినవన్నీ అడిగాను.

"వానల్ల వస్తున్నరా అన్నా?" అన్నాడు. కాసేపు ఆలోచించుకుని, "నా దగ్గర ఒక కాగితం ఉన్నది. పంపుత. దాన్ని చూసుకుంట పోన్రి, ఏ ఇబ్బంది ఉండది" అన్నాడు.

పది నిమిషాల్లో ఫోటో వచ్చింది. బడిపిల్లల నోట్‌బుక్కులోంచి తీసిన గీతల కాగితం, ఎన్నోసార్లు మడతపెట్టి విప్పినట్టు నాలుగు మడతల దగ్గర అరిగిపోయి ఉంది. పైన ఉట్నూరు, కింద ఆసిఫాబాద్. నడుమ వరసగా ఊళ్లు, వాగులు, మలుపులు, కల్వర్టులు, గుర్తుకు ఒక బడి, ఒక మర్రిచెట్టు, ఒక బోరింగు. రెండు దిక్కులా బాణం గుర్తులు, అంటే పోయేటప్పుడూ పనికొస్తుంది, వచ్చేటప్పుడూ పనికొస్తుంది. ఒక్కో చోటికి ముందు చోటునుంచి ఎంతసేపో మూడు గళ్లలో రాసి ఉంది. ఎండ, వాన, రాత్రి. నిమిషాల్లో.

నేనూ సడ్డకుడూ ఆ ఫోటోను పెద్దది చేసుకుని చాలాసేపు చూశాం. కొన్ని పేర్ల పక్కన ఫోన్ బొమ్మ ఉంది, అక్కడ సిగ్నల్ అందుతుందన్నమాట. కొన్నింటి పక్కన బిందె బొమ్మ, అవి నీళ్లు. మూడు చోట్ల చిన్న మంచం బొమ్మ గీశాడు. "ఇగో అత్తమ్మకు నడుం వాల్చే జాగ" అని మా ఆవిడ సంబరపడింది. ఒక చోట "పెద్దబండి మలుపొచ్చు" అని రాసి ఉంది, కారు నిలపడానికి చోటుంది కాబోలు అనుకున్నాం. ఒక కల్వర్టు దగ్గర "తెల్ల రాయి మునిగితే ఆగాలె, పైన వాన ఆగినంక రెండు గంటలు" అని ఉంది. ఒక బడి పక్కన "తాళంచెవి ఎదురింట్ల" అని ఉంది.

"మనిషంటే గిట్లుండాలె" అన్నాడు సడ్డకుడు. "ఆడోళ్లకు ఇబ్బంది గావద్దని బడి తాళంచెవి సుత రాసిండు సూడు. ఎన్ని టూర్లు తిప్పిండో ఈ సారు!"

"రాత్రి గడి ఎందుకు?" అని మా ఆవిడ అడిగింది.

"ఎన్నెల రాత్రిళ్లు పోయేటోళ్లు ఉండరా?" అన్నాడాయన.

ఒక్క చోట మాత్రం మూడు గళ్లూ ఖాళీ. ఘాట్ మీద ఒక మలుపు. "ఇప్పచెట్టు" అని పేరు రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. ఫోన్ బొమ్మ లేదు, బిందె లేదు, మంచం లేదు, టైం లేదు. మేం దానిమీద కొంచెం చర్చ చేశాం. "అన్నిట్లకన్న మంచి జాగ అదే అయ్యుంటది. ఎంతసేపన్న ఉండున్రి అని టైం రాయలేదు" అని సడ్డకుడు తేల్చాడు. నాకూ అదే సబబనిపించింది.

తెల్లవారుజామున బయలుదేరాం. ధర్మారం దాటి రాయపట్నం వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి రెండొడ్లూ ఒరుసుకుని పారుతోంది. అత్తమ్మ కారు ఆపించి, కిందికి దిగి దండం పెట్టుకుని, చిల్లర వేసింది. లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం. జన్నారం దాటాక కవ్వాల్ అడవి మొదలవుతుంది, 2012 నుంచి పులుల రక్షిత ప్రాంతం. రాత్రిపూట బండ్ల మీద ఆంక్షలుంటాయి గనక ఆ దారి పగలే దాటాలి. పులి కనబడలేదు. జింకల మంద ఒకటి రోడ్డు దాటుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు.

ఉట్నూరులో సారు కలవలేదు, ఆ రోజు ఆయనకు ఆదిలాబాద్‌లో మీటింగు. చేనుపనుల రోజులు, హోటల్లో జనం లేరు. జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు కట్టించుకున్నాం.

అక్కడినుంచి కాగితమే మాకు దారి చూపింది. నిజంగానే చూపింది. వాన గడిలో ఉన్న నిమిషాలకూ మా గడియారానికీ తేడా చాలా తక్కువ. సిగ్నల్ ఉందన్న చోట ఫోన్ మోగింది, లేదన్న చోట మూగబోయింది. మంచం బొమ్మ ఉన్న మొదటి ఇంటి ముందు కారు ఆపి, ఉట్నూరు సారు పంపాడని చెప్పగానే ఆ ఇల్లాలు ఇంకేమీ అడగలేదు. గబగబా లోపలికి పోయి నులకమంచం తెచ్చి వాకిట్లో వాల్చింది, దాని మీద ఉతికిన దుప్పటి పరిచింది, చెంబుతో నీళ్లు తెచ్చింది. అత్తమ్మ మంచం మీద కూర్చున్నాక ఆమె మొహంలోకి, కారులోకి మార్చిమార్చి చూసింది. ఇంకెవరన్నా ఉన్నారా అన్నట్టు వెనక సీటు దాకా వచ్చి తొంగి చూసింది. పిల్లలు తప్ప ఎవరూ లేరని తెలిశాక ఆమె భుజాలు దిగాయి. నవ్వి, మక్కకంకులు కాల్చి ఇచ్చింది. పైసలిస్తే తీసుకోలేదు.

మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు చూశాం. ఆమె పేరు ఎలిజబెత్, బెట్టీ అంటారు. 1987లో హైదరాబాద్‌లో పోతే ఇక్కడికి తెచ్చి పెట్టారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఊరివాళ్లు ఏటా ఇద్దరికీ నివాళి అర్పిస్తారు. ఇంగ్లండ్ ఆడబిడ్డ గోండుగూడెంలో ఎట్లా కాపురం చేసిందో అని మా ఆవిడ ఆశ్చర్యపోయింది. అత్తమ్మ మాత్రం కొప్పులోని పువ్వు తీసి బెట్టీ సమాధి మీద పెట్టి, "పుట్టింటికి ఎంత దూరమాయెనే బిడ్డా" అంది.

కల్వర్టు దగ్గర నీళ్లు ఎర్రగా పారుతున్నాయి. తెల్ల రాయి ఎక్కడా అని వెతికితే, ఒడ్డున పాతిన బండకు మోకాలెత్తు దాకా సున్నం పూసి ఉంది. ఆ ఏటి సున్నమే, ఇంకా కొత్తగా ఉంది. నీళ్లు రాయికి జానెడు కిందే ఉన్నాయి. దాటాం.

ఆ తర్వాత ఘాట్. ఎంత చెప్పినా తక్కువే. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క లోయ. లోయనిండా మబ్బులు దిగి ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా అవి తొలగి, కింద పచ్చని చేలు, పత్తి, కంది, అక్కడక్కడ గూడేల పెంకుటిళ్లు కనబడి మళ్లీ మాయమవుతున్నాయి. ఇప్పచెట్టు మలుపు రానే వచ్చింది. పెద్ద చెట్టు. దాని కిందినుంచి ఒక కాలిబాట లోయలోకి దిగిపోతోంది, రాళ్లు తేలి, నిటారుగా. కింద ఎక్కడో గూడెం ఉన్నట్టు కోడికూత వినబడింది.

టైం రాయని చోటు గదా, తొందర లేదు. చాపలు పరిచాం. జొన్నరొట్టెలు తిన్నాం. పిల్లలు ఆడుకున్నారు, సడ్డకుడు ఆ చెట్టు మొదట్లో వెల్లకిలా పడుకుని పాత సినిమా పాటలు పాడాడు. మనిషి ఇంత తేటగా పాడగలడని మాకెవరికీ తెలియదు. అత్తమ్మ నిద్రపోయింది. వాన చినుకులు పడ్డాయి, ఆగాయి, మళ్లీ పడ్డాయి. లేవబుద్ధి కాలేదు. లేచేసరికి పొద్దు వాలింది. జోడేఘాట్ వచ్చేసారికి అనుకున్నాం. కెరమెరి మీదుగా ఆసిఫాబాద్ దిగి, బెల్లంపల్లి, మంచిర్యాల దారిన ఇల్లు చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది.

ఆ రాత్రే సడ్డకుడు సారుకు ఫోటోలు పంపాడు. అన్నీ ఇప్పచెట్టు కిందివే. చాప మీద అందరం, చెట్టు మొదట్లో ఆయన పడుకున్నది, పిల్లలు కొమ్మలకు వేలాడింది. కింద రాశాడు: "సారూ, మీ కాగితంల అన్నిట్లకన్న మంచి జాగ ఇదే. మూడు గంటలున్నం. మీకు శతకోటి దండాలు."

పొద్దున్నే సారు నాకు ఫోన్ చేశాడు. క్షేమం అడిగాడు. అత్తమ్మ మోకాళ్లు ఎట్లున్నాయని అడిగాడు. నేను కాగితాన్ని మెచ్చుకుంటూ, దాన్ని అచ్చు వేయించి జనానికి పంచితే ఎంతమందికి ఉపయోగమో అన్నాను. టూరిస్టులను ఎన్నేళ్లుగా తిప్పుతున్నావని అడిగాను.

"టూరుకు రాసింది గాదన్నా అది" అన్నాడు. "కానుపుకు పొయ్యేటోళ్ల కోసం రాసిన. మా గూడేల్ల నెలలు నిండిన ఆడిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్ల ఆ కాగితం ఉంటది. నొప్పులు మొదలైతే ఇటు ఉట్నూరా, అటు ఆసిఫాబాదా, ఏది దగ్గర, ఏ వాగు దాటనిస్తది, ఫోన్ యాడ కలుస్తది, అంబులెన్సు యాడ మలుపుకుంటది, అది వచ్చేదాంక యాడ పండవెట్టాలె, అన్నీ అండ్ల ఉన్నయి. ఆ మంచాలిచ్చేటోళ్లకు అందరికి చెప్పిపెట్టిన. నా పేరు చెప్తే రాత్రి రెండింటికైనా లేస్తరు. ఏటా వానలకు ముందు ఆ రాయికి నేనే సున్నమేస్త."

నాకు నోట మాట రాలేదు. వెనక సీటు దాకా వచ్చి తొంగిచూసిన ఆ ఇల్లాలు ఎవరికోసం వెతికిందో అప్పుడు తెలిసింది. చివరికి, "ముందే చెప్పొద్దా తమ్మీ?" అన్నాను.

"పిల్లల తోని సంబురంగ పోతున్నరు. ఎందుకు చెప్పాలె? వానల్ల ఆ తొవ్వకు అంతకన్న మంచి కాగితం నా దగ్గర లేదు, అందుకే పంపిన."

"మరి ఇప్పచెట్టు దగ్గర టైం ఎందుకు రాయలేదు?"

"మా గూడెం నుంచి మంచం మోసుకొని ఎక్కితే రోడ్డు తగిలేది ఆడనే. ఎక్కొచ్చినోళ్లు అలిసిపోయి ఆ చెట్టు కిందనే దించుతరు. ఆడ ఫోన్ కలువది, బండి యాడిదాంక వచ్చిందో తెల్వది. ఇంకో అర్ధగంట మోస్తే బడి వస్తది, ఆడ సిగ్నల్ ఉన్నది. అందుకే ఎవలూ ఆడ ఆగొద్దని టైం రాయలె. అప్పటికి ఈ కాగితం లేకుండె అన్నా. మా చెల్లెను ఆ చెట్టు మొదట్లనే దించినం. మూడు గంటలు చూసినం."